వంటింటి తెలుగు: అవ్వ జాడీలో వైన్ పెట్టవచ్చా?

 

పోయిన నెల ఊరగాయ జాడీల గురించి రాశాను కదా. అది చదివి డర్బన్ నుంచి ఒక అమ్మాయి నాకు ఉత్తరం రాసింది. సగం తెలుగు, సగం ఇంగ్లిష్. తెలుగులో తప్పులు ఉన్నాయి. కానీ నాకు అర్థం కాని ముక్క ఒక్కటి కూడా లేదు.

ఆ అమ్మాయి వాళ్ళ అవ్వ పోయిన ఏడాది కాలం చేశారు. కాలం చేయడం అంటే చనిపోవడం. పెద్దవాళ్ళ గురించి ఇలా మర్యాదగా చెబుతాం. ఆ అవ్వ ప్రతి డిసెంబరులో లీచీ పళ్ళతో వైన్ పెట్టేవారట. పెద్ద గోధుమరంగు జాడీలో పళ్ళు, పంచదార, నీళ్ళు పోసి, గుడ్డ కట్టి, మంచం కింద ఉంచేవారట. ఇప్పుడు ఆ జాడీ మనవరాలికి వచ్చింది. "పెద్దమ్మ గారూ, ఈ డిసెంబరులో నేను అవ్వ జాడీలోనే వైన్ పెట్టాలి. ఇంకా ఏం సామాను కొనాలి?" అని అడిగింది.

ఈ ఉత్తరం రెండు వారాలు నా బల్ల మీదే ఉంది. మన ఇళ్ళలో తాగుడు అంటే చిన్న మాట కాదు. మా అమ్మ తన ఇంట్లోకి సీసా రానిచ్చేది కాదు. ఆమె చిన్నప్పుడు చూసిన బాధలు అలాంటివి. కాబట్టి ఈ నెల వ్యాసం కొందరికి నచ్చకపోవచ్చు. వాళ్ళు ఇందులోని మాటలు మాత్రం నేర్చుకోండి. సగం మాటలు ఊరగాయకీ, ఇడ్లీ పిండికీ కూడా పనికివస్తాయి. కానీ నేను జవాబు రాయకపోతే ఆ పిల్ల ఆ జాడీలోనే వైన్ పెడుతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు అసలు జవాబు. తల్లీ, ఆ జాడీలో వైన్ పెట్టవద్దు.

ఎందుకో చెబుతాను. పాత జాడీ లోపల నున్నగా మెరుస్తుంది కదా. ఆ మెరుపు ఒక పూత. పూత అంటే పైన పూసినది. పాతకాలంలో కొన్ని పూతల్లో సీసం కలిపేవారు. సీసం బరువైన లోహం, ఒంటికి విషం. వైన్ పుల్లగా ఉంటుంది. పులుపు ఆ పూతలో నుంచి సీసాన్ని కొద్దికొద్దిగా లాగుతుంది. వైన్ జాడీలో వారాల తరబడి ఉంటుంది కాబట్టి లాగడానికి దానికి చాలా సమయం దొరుకుతుంది. రుచిలో ఏమీ తెలియదు. రంగులో తెలియదు. కంటితో చూసి ఈ జాడీ మంచిది, ఆ జాడీ చెడ్డది అని ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ ఒక మాట. సీసం, సీసా ఒకటి కాదు. సీసం అంటే లోహం, సీసా అంటే గాజు బుడ్డి. మొదటిది సంస్కృతం నుంచి వచ్చింది. రెండోది పారసీ భాష నుంచి వచ్చింది. నా తరగతిలో ఒక అబ్బాయి "నేను సీసం నిండా నీళ్ళు తాగాను" అని రాశాడు. అందరం నవ్వాం. ఈ నెల మాత్రం ఆ తేడా నవ్వుకోవడానికి కాదు.

ఇత్తడి బిందె, రాగి చెంబు, అల్యూమినియం డేగిశా కూడా వద్దు. ఇది మన అవ్వలకి బాగా తెలుసు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే ఏమవుతుంది? చిలుము ఎక్కుతుంది. చిలుము అంటే ఆకుపచ్చగా వచ్చే తుప్పు. పులుసు చేదెక్కిపోతుంది. పులుసుకి పనికిరాని గిన్నె వైన్‌కీ పనికిరాదు. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే సామాను సగం ఎంచుకున్నట్టే. స్టెయిన్‌లెస్ స్టీల్, గాజు, తిండికి పనికివచ్చే ప్లాస్టిక్, ఈ మూడే మనకి కావాలి.

ఇప్పుడు కొనవలసినవి చూద్దాం. మొదటిసారి 4 లేదా 5 లీటర్ల వైన్ చాలు. 20 లీటర్ల గాజు డబ్బా చూడటానికి గొప్పగా ఉంటుంది. అది నిండితే 20 కిలోలు దాటుతుంది, పైగా గాజు బరువు. తడి చేతులతో ఎత్తితే జారుతుంది. పగిలిన గాజు చేతిని ఎలా కోస్తుందో నేను చెప్పక్కర్లేదు.

మొదట మూత ఉన్న బకెట్ కావాలి. 5 లీటర్ల వైన్‌కి 10 లీటర్ల బకెట్ తీసుకోండి. అంత పెద్దది ఎందుకంటే, పులిసేటప్పుడు రసం పొంగుతుంది. పాలు పొంగినట్టే నురగ పైకి వస్తుంది. పళ్ళ గుజ్జు కూడా పైకి తేలుతుంది. బకెట్ చిన్నదైతే తెల్లారేసరికి నేలంతా చీమలు. బకెట్ అడుగున త్రికోణం గుర్తు, అందులో 2 అనే అంకె ఉంటే అది మంచి రకం ప్లాస్టిక్. అయినా తిండి సామాను కోసం చేసిందేనా అని అడిగి కొనండి. పెయింట్ బకెట్ ఎంత కడిగినా వద్దు. బేకరీల్లో కేకు మీద క్రీమ్ వచ్చే తెల్ల బకెట్లు ఉంటాయి. అడిగితే చాలా చోట్ల చవకగా ఇస్తారు. నేను అలాగే తెచ్చుకున్నాను.

అచ్చారు బకెట్ మాత్రం తేవద్దు! మసాలా దుకాణాల్లో మామిడి అచ్చారు వచ్చే బకెట్లు ఉంటాయి కదా, అవి. ప్లాస్టిక్ వాసన పట్టుకుంటుంది. మా చెల్లెలు ఎండలో వారం పెట్టి, సోడా వేసి కడిగి, అందులో పైనాపిల్ వైన్ పెట్టింది. మూత తీస్తే ఆవనూనె వాసన. మా మరిది దాన్ని ఒక గ్లాసు తాగి "కూరలో బాగుంటుంది" అన్నాడు.

రెండోది డెమిజాన్. కడుపు లావుగా, మెడ సన్నగా ఉండే గాజు పాత్ర ఇది. దాదాపు నాలుగున్నర లీటర్లు పడుతుంది. వైన్ మొదటి వారం బకెట్లో పొంగుతుంది. ఆ పొంగు తగ్గాక దీనిలోకి మార్చాలి. ఎందుకు మార్చాలి? మొదట ఈస్ట్‌కి గాలి కావాలి, తర్వాత వైన్‌కి గాలి శత్రువు. గాలి తగిలితే వైన్ వెనిగర్ అయిపోతుంది. మెడ సన్నగా ఉంటే, మెడ దాకా నింపితే, గాలి తగిలే చోటు ఒక రూపాయి బిళ్ళంత ఉంటుంది. బకెట్లో అయితే పళ్ళెమంత. లాభం అక్కడ ఉంది. వేడి నీళ్ళు మాత్రం ఒక్కసారిగా పోయవద్దు. గాజు పగులుతుంది.

డెమిజాన్ మెడలో రబ్బరు బిరడా పెట్టాలి. బిరడా అంటే సీసా నోటిని మూసేది. ఈ మాట ఇప్పుడు చాలామంది మరిచిపోయారు, మీరు వాడండి. బిరడాకి మధ్యలో చిల్లు ఉండాలి. ఆ చిల్లులో ఎయిర్‌లాక్ అనే చిన్న గొట్టం దూరుతుంది. ఇది వంకర తిరిగిన గొట్టం. అందులో కొంచెం నీళ్ళు పోస్తాం. లోపల పుట్టే గ్యాస్ ఆ నీళ్ళలో నుంచి బుడగలుగా బయటికి పోతుంది. బయటి గాలి, ఈగలు లోపలికి రాలేవు. మంచి రోజున అది బుడబుడ, బుడబుడ అని రాత్రంతా మాట్లాడుతుంది. మా మనవడు దానికి పేరు కూడా పెట్టాడు. ఎయిర్‌లాక్ చాలా చవక. రెండు కొనండి, ఒకటి తప్పకుండా విరుగుతుంది. కొందరు బెలూన్‌కి సూదితో చిల్లు పెట్టి మెడకి తొడుగుతారు. ఒకసారికి పనిచేస్తుంది. కానీ బెలూన్ చీలితే మీరు చూసేసరికి పండు ఈగలు లోపల ఈదుతుంటాయి.

ఇక మూడోది. డబ్బు తక్కువ ఉంటే మిగతావి అప్పు తెచ్చుకోండి, దీన్ని మాత్రం కొనండి. దీని పేరు హైడ్రోమీటర్. ఎందుకు కొనాలో చెప్పాలంటే మా గ్యారేజ్ సంగతి చెప్పాలి.

2020 మార్చి 27న మన దేశంలో లాక్‌డౌన్ మొదలైంది. మద్యం అమ్మకం ఆపేశారు. అప్పుడు ఊరంతా పైనాపిల్ బీరు కాచింది. దుకాణాల్లో పైనాపిల్ పళ్ళు దొరకడమే కష్టమైంది, గుర్తుందా? మా ఆయన కూడా మొదలుపెట్టాడు. మూడో రోజు రుచి చూసి, "బాగుంది, అయిపోయింది" అని గాజు సీసాల్లో పోసి, మూతలు గట్టిగా బిగించాడు. నాలుగో రాత్రి పెద్ద చప్పుడు. ఒక సీసా పేలింది. దాని ముక్క తగిలి పక్క సీసా. పొద్దున తలుపు చెక్కలో ఒక గాజు ముక్క దిగబడి ఉంది. మా మనవడి ఎత్తులో. వాడు పొద్దున లేవగానే ఆ తలుపు తీసుకుని సైకిల్ కోసం వెళ్ళేవాడు.

ఏం జరిగింది? ఈస్ట్ పంచదారని తిని రెండు పనులు చేస్తుంది. ఆల్కహాల్ తయారుచేస్తుంది, గ్యాస్ వదులుతుంది. పంచదార ఇంకా మిగిలి ఉంటే గ్యాస్ పుడుతూనే ఉంటుంది. మూత బిగిస్తే అది ఎక్కడికి పోతుంది? పంచదార అయిపోయిందా లేదా అనేది నాలుకకి సరిగా తెలియదు. హైడ్రోమీటర్‌కి తెలుస్తుంది.

ఇది గాజుతో చేసిన సన్నని బద్ద. కింద బరువు, పైన గీతలు. రసంలో వేస్తే నిలువుగా తేలుతుంది. మంచినీళ్ళలో 1.000 దగ్గర ఆగుతుంది. పంచదార కలిపితే నీళ్ళు చిక్కబడతాయి, బద్ద పైకి లేస్తుంది. లీచీ రసం మొదలుపెట్టే రోజు 1.085 దగ్గర ఉండేలా చూడండి. వైన్ పులవడం పూర్తయితే అది 0.995 దగ్గరికి దిగుతుంది. మొదటి అంకెలో నుంచి చివరి అంకె తీసేసి 131తో గుణించండి. 1.085లో నుంచి 0.995 పోతే 0.090. గుణిస్తే దాదాపు 11.8. అంటే వైన్‌లో సుమారు 12 శాతం ఆల్కహాల్. ఈ లెక్క తెలిస్తే ఎంత తాగాలో కూడా తెలుస్తుంది. మన అవ్వల వైన్ "తియ్యగా ఉంది, పిల్లలకి కూడా ఫర్వాలేదు" అని చిన్న గ్లాసు ఇచ్చేవాళ్ళు. అందులో ఎంత ఉందో ఎవరికీ తెలియదు.

సీసాల్లో పోసే ముందు హైడ్రోమీటర్‌తో చూడండి. రెండు వారాల తర్వాత మళ్ళీ చూడండి. అంకె కదలకపోతే, 1.000 కన్నా తక్కువ ఉంటే, అప్పుడు సీసా. చాలా హైడ్రోమీటర్లు 20 డిగ్రీల వేడికి చేసినవి. మన వేసవిలో రసం 28 డిగ్రీలు ఉంటే అంకె 0.002 దాకా తక్కువ చూపిస్తుంది. అది పెద్ద తేడా కాదు, గుర్తుంచుకుంటే చాలు. దానితోపాటు ఒక పొడుగాటి సన్నని గ్లాసు కూడా కొనాలి, బద్ద తేలడానికి. హైడ్రోమీటర్‌ని బల్ల అంచున పెట్టవద్దు. నాది మూడోది.

నాలుగోది గొట్టం. రెండు మీటర్ల మెత్తని ప్లాస్టిక్ గొట్టం, తిండికి పనికివచ్చేది. తోటకి నీళ్ళు పట్టే గొట్టం వద్దు. వైన్ పాత్రని పైన పెట్టి, ఖాళీ పాత్రని కింద పెట్టి, గొట్టంతో లాగాలి. వంచి పోస్తే అడుగున ఉన్న మడ్డి కదిలిపోతుంది. మడ్డి అంటే అడుగున పేరుకునే చిక్కని ముద్ద. నూనె డబ్బా అడుగున ఉండేది కూడా మడ్డే. మడ్డి కిందకి దిగాక పైన మిగిలేది తేట. "నీళ్ళు తేరుకున్నాయి" అంటే మురికి దిగి స్పష్టంగా అయ్యాయని అర్థం. తేట తెలుగు అంటారు కదా, ఆ తేట ఇదే. వైన్ తేరుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు మడ్డి వదిలేసి తేటని మాత్రం వేరే పాత్రలోకి లాగాలి.

గరాటు ఇంట్లో ఉంటుంది, కొనక్కర్లేదు. పొడుగాటి గరిటె స్టీల్‌ది వాడండి. చెక్క గరిటె పగుళ్ళలో క్రిములు దాగుతాయి.

వడకట్టడానికి గుడ్డ కావాలి. దుకాణంలో నైలాన్ సంచి అమ్ముతారు. కానీ తల్లీ, మీ అవ్వ పాత నూలు చీర ఏదైనా ఉందా? ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన చీర? రంగు పోనిది చూసి, జరీ లేని చోట ఒక ముక్క కత్తిరించండి. సబ్బు వాసన పోయేదాకా నీళ్ళలో జాడించి, పావుగంట మరిగించండి. పళ్ళ గుజ్జు అందులో మూట కట్టి బకెట్లో వేయండి. వారం తర్వాత మూట తీసి పిండితే సరిపోతుంది. మా అవ్వ కూడా పాత చీర ముక్కతోనే అన్నీ వడకట్టేది. జాడీ పనికిరాకపోయినా ఇది పనికివస్తుంది.

శుభ్రం గురించి గట్టిగా చెబుతాను, ఎందుకంటే వైన్ చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. కడగడం వేరు, క్రిములు చంపడం వేరు. ముందు వేడి నీళ్ళు, సోడాతో కడగాలి. తర్వాత సోడియం మెటాబైసల్ఫైట్ అనే పొడి కలిపిన నీళ్ళతో తడపాలి. వైన్ సామాను అమ్మేచోట ఇది దొరుకుతుంది. క్యాంప్‌డెన్ మాత్రలు కూడా అలాంటివే. నాలుగున్నర లీటర్ల పళ్ళ రసానికి ఒక మాత్ర పొడిచేసి కలిపి, ఒక రోజు ఆగి, అప్పుడు ఈస్ట్ వేయాలి. ఆ పొడి ఘాటు ఊపిరికి తగులుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలి. వైన్ తాగేవాళ్ళలో ఉబ్బసం ఉంటే వాళ్ళకి ముందే చెప్పాలి. బ్లీచ్ వాడితే చాలాసార్లు కడగాలి. బ్లీచ్‌నీ వెనిగర్‌నీ ఎప్పుడూ కలపకూడదు, విషపు గ్యాస్ వస్తుంది.

ఈస్ట్ రొట్టెది కాకుండా వైన్‌ది కొనండి. చిన్న పొట్లం 5 లీటర్లకి ఎక్కువే.

పెద్ద కష్టం ఏమిటంటే మన డర్బన్ ఎండ. లీచీ వచ్చేది డిసెంబరులో, వేడి కూడా అప్పుడే. ఈస్ట్‌కి 18 నుంచి 25 డిగ్రీలు హాయి. 30 దాటితే తొందరపడి పనిచేసి చెడు వాసన పెడుతుంది. తడి గుడ్డ చుట్టితే చల్లబడుతుందని కొందరు అంటారు. పొడి గాలి ఉన్న ఊళ్ళో అది నిజం. మన గాలిలో తేమ ఎక్కువ, గుడ్డ ఆరదు, చల్లబడదు. బకెట్‌ని నీళ్ళ తొట్టిలో పెట్టి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు రోజుకి రెండుసార్లు మార్చండి. నేను మాత్రం వేరే పని చేస్తాను. డిసెంబరులో లీచీలు ఒలిచి, గింజలు తీసేసి, రెండు కిలోల గుజ్జు ఫ్రీజర్‌లో పెడతాను. జూన్‌లో తీసి వైన్ పెడతాను. గడ్డకట్టి కరిగిన గుజ్జు రసం బాగా వదులుతుంది. చలికాలం మన ఇల్లే సరైన వేడిలో ఉంటుంది, కరెంటు పోయినా భయం లేదు.

ఆ గుజ్జుకి నీళ్ళు కలిపి, పంచదార 700 గ్రాములతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పోస్తూ 1.085 వచ్చేదాకా చూస్తాను. రెండు నిమ్మకాయల రసం కూడా. లీచీకి పులుపు తక్కువ. పంచదార పోసేటప్పుడు ఒక్కోసారి అనుకుంటాను, 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి ఇక్కడికి వచ్చింది ఈ పంచదార కోసమే కదా అని. చెరకు నరికిన వాళ్ళ మునిమనవరాలు గరిటెతో కొలుచుకుని పోస్తోంది.

కొనవద్దు అని చెప్పేవి కూడా ఉన్నాయి. కార్కు కొట్టే యంత్రం, పళ్ళు పిండే యంత్రం, అన్నీ ఉన్న ఖరీదైన పెట్టె. మొదటి ఏడు ఇవేవీ వద్దు. మర మూతల వైన్ సీసాలు చుట్టాలని అడిగితే ఊరికే ఇస్తారు. పాత మూత సరిగా బిగుసుకుంటే చాలు. సారా కాచే బట్టీ జోలికి అసలు పోవద్దు. పులియబెట్టడం వేరు, కాచి దించడం వేరు. ఆ రెండోది ప్రమాదం, చట్టం కూడా ఒప్పుకోదు. ఇంట్లో చేసిన వైన్ బాగా వచ్చిందని అమ్మవద్దు, దానికి లైసెన్స్ కావాలి.

ఇప్పుడు ఆ అమ్మాయికి. తల్లీ, నువ్వు జాడీలో పెట్టాలని అడిగావు, నేను బేకరీ బకెట్ తెచ్చుకోమన్నాను. నీకు కోపం వస్తుందని తెలుసు. మీ అవ్వ ఏళ్ళ తరబడి అందులో పెట్టారు, ఏమీ కాలేదు కదా అంటావు. ఏమీ కాలేదని మనకి ఎలా తెలుసు? అప్పుడు ఎవరూ చూడలేదు. ఆ జాడీని బియ్యానికి కూడా వాడవద్దు, ఊరికే వంటింట్లో కంటికి కనబడేచోట పెట్టుకో. కావాలంటే అందులో గరాటు, గొట్టం, చుట్టిన చీర ముక్క వేసి ఉంచు. వాడే ముందు ఎలాగూ కడుగుతావు.

వైన్ తేరుకున్నాక నాకు ఒక సీసా పంపు. హైడ్రోమీటర్ అంకె సీసా మీద రాయి, తెలుగు అంకెల్లో రాస్తే ఇంకా సంతోషం.

మిగతావాళ్ళకి ఈ నెల పని. మీ ఇంట్లో బిరడా, గరాటు, మడ్డి, చిలుము అనే మాటలు ఎవరికైనా గుర్తున్నాయా? వాళ్ళు వేరే మాట వాడితే ఆ మాట రాసి పంపండి. ఎవరు అన్నారో, ఏ పనిలో అన్నారో కూడా రాయండి. వచ్చే నెల ఇడ్లీ పిండి పొంగడం గురించి మాట్లాడుకుందాం. అది పేలదు.